సందు రాళ్లు

టార్టూ ఆసుపత్రి రెండో అంతస్తులో
ఫోన్లు చేయడం నా ఉద్యోగం.
ఆరు నెలలకోసారి ఒక్కో పేరు.
చివరి గడిలో ఒక్క అక్షరం పెట్టాలి:
ఉన్నారా, లేరా.
ఉన్నవాళ్లకి ఇంకో గడి:
తిరిగొచ్చిందా, రాలేదా.

ఎందెల్. ముహు ద్వీపం. అరవై ఏడేళ్లు.
పొట్ట వెనక, వెన్నుకి ఆనుకుని
కొవ్వులోంచి పుట్టిన కణితి.
తీసి తూచితే ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు.
దాంతోపాటే ఎడమ మూత్రపిండం, జానెడు పేగు.
మత్తు దిగగానే మొదట అడిగింది తూకమేనట.
"మా సల్మే కన్న ముగ్గురిలో
ఒక్కడూ అంత లేడే!"

ఎనిమిదిసార్లు రాశాను, రాలేదు అని.
తొమ్మిదోసారి నేను అడక్కముందే
"పొలంలో రాళ్లు లేచాయమ్మా" అన్నాడు.
పట్నంలో పుట్టినదాన్ని, తెల్లమొహం వేశాను.
తనే చెప్పాడు:
చలికి నేల గడ్డకట్టి ఉబ్బుతుంది,
రాయిని వేలెడు పైకెత్తుతుంది.
మంచు కరిగినప్పుడు ఆ బోలులోకి మన్ను జారుతుంది,
రాయి ఇక దిగదు.
తాత ఏరాడు, తండ్రి ఏరాడు,
ఏరినవాటితో కట్టిన గోడ సముద్రం దాకా పోయింది.
అయినా ఏటా బంగాళాదుంపల చాళ్లలో
కొత్త బోడి తలలు.
"సరిగ్గా ఏరలేదని తాతనేం తిడతాం?
ఆ నేల తీరే అంత."

రెండోసారి కోశారు. కిలోంబావు.
అంచు శుభ్రంగా ఉందని చెప్పలేం, అని వచ్చింది రిపోర్టు.
కాలిలో అయితే చుట్టూ ఇంత మంచి కండ కలిపి కోస్తారు.
కడుపులో అంచెక్కడిది?
ఇటు పేగు, అటు పెద్ద రక్తనాళం,
అన్నీ ఒకదాన్నొకటి కావలించుకుని ఉంటాయి.

ఈసారి మూడు ఫోన్ల దాకానే రాలేదు.
నాలుగోదానికి, ఒకటి కాదు, ఏడు.
మందు ఎక్కించారు. మూడు విడతలకి ఆపేశారు.
డాక్టర్ కిర్సిపూ స్కాను బల్లమీద బోర్లించి చెప్పిందట:
"మళ్లీ కోస్తే
వదిలేదానికంటే తీసేదే ఎక్కువవుతుంది."
ఆయన టోపీ పెట్టుకుని
ఆఖరి పడవ ఎన్నింటికో అడిగాడు.

ఏడాది చివర నా గళ్లన్నీ కలిపి
ఒక గీత గీస్తారు.
మెట్లు మెట్లుగా దిగే గీత.
చూసేవాళ్లకి శాతాలు.
నాకు మాత్రం ఈ మెట్టు పర్నూ టీచరమ్మ,
ఆ పక్కది తేనెటీగల ఆయన,
ఫోన్లో ఎప్పుడూ తుమ్మేవాడు.
పైకెక్కే మెట్టు ఆ గీతలో ఒక్కటీ లేదు.
ఇంకా ఉన్నవాళ్లకి మెట్టే ఉండదు.
గీత మీద చిన్న నిలువు గాటు, అంతే.
కళ్లజోడు లేకపోతే
కాగితం మీద పడ్డ నలుసనుకుంటాం.

ఏప్రిల్ చివర మళ్లీ ఆయన వంతు.
నంబరు నొక్కే ముందు
ఎప్పుడూ లేనిది మంచినీళ్లు తాగాను.
సల్మే ఎత్తింది. "బయటున్నాడు, ఉండండి."
ఫోను కిటికీ గట్టు మీద పెట్టినట్టుంది.
గాలి. ఎవరిదో కుక్క.
టక్.
చాలాసేపు ఏమీ లేదు.
టక్.

బరువులెత్తొద్దన్నారుగా, అన్నాను ఆవిడ తిరిగొచ్చాక.
ఎత్తడట. మనవడు పెద్దవి పేరుస్తుంటే
ముక్కాలి పీట మీద కూర్చుని,
పిడికెడంత వాటిని ఒడిలో పోసుకుని
సందుల్లో బిగిస్తాడట.
అవి లేకపోతే గోడ
ఒక్క చలికాలం కూడా ఆగదట.

పదకొండు నిమిషాలు పట్టుకున్నాను లైను.
మా ఆఫీసులో మూడు దాటితే కారణం రాయాలి.

అప్పుడు వచ్చింది, కాస్త రొప్పుతున్న గొంతు:
"నువ్వేనా? అడుగు, అడుగు,
చేతులు మట్టిగా ఉన్నాయి."